రాయితీ మూడేళ్ళు తాళంలో ఉంటుంది: కారం మర పెట్టే ముందు డ్వాక్రా అక్కచెల్లెళ్ళు చూసుకోవాల్సిన లెక్క

ఈ పాఠం పొదుపు సంఘంలో ఉండి, సొంతంగా చిన్న ఆహార యూనిట్ పెట్టుకోవాలనుకునే వాళ్ళ కోసం. కారం, పసుపు, పచ్చళ్ళు, పొడులు, అప్పడాలు, చిరుధాన్యాల పిండి, ఏది చేసినా పద్ధతి ఒకటే. లెక్క చూపించడానికి మాత్రం కారం మరను తీసుకున్నాం. గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు అందరికీ తెలిసిన పని కాబట్టి అర్థం చేసుకోవడం తేలిక. ఫోన్‌లో చదివి వదిలెయ్యకుండా ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకుని చదవండి. మన ఊరి ధరలు వేసుకుని మన లెక్క మనమే కట్టుకోవాలి.

పథకం ఏంటి?

పేరు పెద్దది: ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల క్రమబద్ధీకరణ పథకం. ఆఫీసుల్లో పీఎంఎఫ్ఎంఈ అంటారు. 2020 జూన్ 29న మొదలైంది. కేంద్ర ఆహార శుద్ధి మంత్రిత్వ శాఖ నడుపుతుంది. మన రాష్ట్రంలో ఏపీ ఫుడ్ ప్రాసెసింగ్ సొసైటీ చూస్తుంది. ఖర్చులో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టుకుంటాయి. మొదట ఐదేళ్ళకని పెట్టారు, తర్వాత 2025-26 వరకు పొడిగించారు. అందుకే దరఖాస్తు పనులు మొదలుపెట్టే ముందు మొదటి ప్రశ్నగా "ఇప్పుడు కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారా?" అని అడగండి. యంత్రానికి అడ్వాన్సు కట్టాక అడిగితే లాభం లేదు.

ఇందులో మనకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు.

ఒకటి, యూనిట్‌కు బ్యాంకు లోనుతో ముడిపడిన రాయితీ. ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, ఎక్కువలో ఎక్కువ 10 లక్షల రూపాయలు. మన చేతి నుంచి కనీసం 10 శాతం పెట్టాలి. మిగతాది బ్యాంకు లోను. స్థలం కొన్న ఖర్చు ప్రాజెక్టు ఖర్చులోకి రాదు. దరఖాస్తుదారుకు 18 ఏళ్ళు నిండాలి. ఒక కుటుంబానికి ఒక్కరికే, కుటుంబం అంటే భార్య, భర్త, పిల్లలు.

రెండు, సంఘ సభ్యులకు మూలధనం. ఇప్పటికే ఆహార పదార్థాల పని చేస్తున్న సభ్యురాలికి 40,000 రూపాయల వరకు. ఇది సరుకు కొనుక్కోవడానికి, చిన్న పనిముట్లకు. సమాఖ్య ద్వారా వస్తుంది. చాలామంది దీన్ని రాయితీ అనుకుంటారు. కాదు. ప్రభుత్వం సమాఖ్యకు ఇచ్చేది గ్రాంటు, సమాఖ్య మనకు ఇచ్చేది అప్పు. మనం తిరిగి కట్టాలి, కట్టిన డబ్బు ఇంకో అక్కకు వెళ్ళాలి.

జిల్లాకు ఒక ఉత్పత్తి అని జాబితా ఉంది. ఆ ఉత్పత్తికి ప్రాధాన్యం ఇస్తారు. మన సరుకు అందులో లేకపోయినా నిరాశపడి తిరిగి రావొద్దు, డీఆర్పీని (జిల్లా రిసోర్స్ పర్సన్) అడిగి చూడండి.

తాళం అంటే ఏంటి?

ఊళ్ళో వినపడే మాట ఇది: "ఆరు లక్షల యూనిట్ పెడితే రెండు లక్షలు ఫ్రీ అంట." ఈ ఒక్క మాట మీద నమ్మకంతో లోను తీసుకుని కష్టాల్లో పడేవాళ్ళు ఉన్నారు.

జరిగేది ఇలా. లోను మంజూరై, డబ్బు విడుదలయ్యాక రాయితీ బ్యాంకుకు వస్తుంది. మన చేతికి రాదు. బ్యాంకు దాన్ని మన లోను పక్కనే వేరే ఖాతాలో పెట్టి ఉంచుతుంది. లోను చివరి విడత ఇచ్చిన రోజు నుంచి మూడేళ్ళు గడవాలి. అప్పటికి మన ఖాతా బాకీ పడకుండా సక్రమంగా ఉండాలి, యూనిట్ నడుస్తూ ఉండాలి. ఈ రెండూ ఉంటే ఆ రాయితీని మన లోనులో సర్దుతారు. అప్పుడది మనది.

మధ్యలో ఖాతా ఎన్‌పీఏ అయితే? అంటే కిస్తీ 90 రోజులు దాటి బాకీ పడితే, బ్యాంకు ఆ రాయితీని మన బాకీ కింద జమ చేసుకుంటుంది. "అయితే ఏం పోయింది, ఎలాగూ లోనుకే కదా వెళ్ళింది" అని ఒకక్క అడగొచ్చు. పోయేది ఇది: యూనిట్ మూతపడి ఉంటుంది, యంత్రం సగం ధరకు కూడా అమ్ముడుపోదు, రాయితీ పోను మిగిలిన అప్పు మన పేరు మీదే ఉంటుంది, సిబిల్‌లో మచ్చ పడుతుంది. తర్వాత ఇంటి లోను, పిల్లల చదువు లోను అడగడానికి వెళ్ళినా ఆ మచ్చే ముందు కనపడుతుంది.

కాబట్టి ప్రభుత్వం మనతో చేసుకునే ఒప్పందం "యూనిట్ పెట్టు, డబ్బిస్తా" అని కాదు. "మూడేళ్ళు నిలబెట్టు, అప్పుడిస్తా" అని. ఈ పాఠంలో మిగతాదంతా ఆ మూడేళ్ళ గురించే.

ఆరు లక్షల యూనిట్: డబ్బు లెక్క

పల్వరైజర్, వేపే యంత్రం, జల్లెడ, తూకం, సీలింగ్ మెషిన్, కరెంటు పని, షెడ్డు మరమ్మతు, అన్నీ కలిపి 6,00,000 రూపాయలు అనుకుందాం. మన వాటా 60,000. లోను 5,40,000. రాయితీ 2,10,000. రాయితీ తీసేస్తే మన మీద నిజంగా పడే అప్పు 3,30,000.

వడ్డీ ఏడాదికి 11 శాతం, గడువు ఐదేళ్ళు అనుకుంటే 3,30,000 మీద నెల కిస్తీ దాదాపు 7,200. కానీ రాయితీ లోనుతో పాటే రాదు, తర్వాత వస్తుంది. అది రాకముందు 5,40,000 మీద కిస్తీ లెక్క కడితే 11,700 దాటుతుంది. ఈ తేడా నెలకు 4,500 రూపాయలు. మొదటి నెలల్లో అమ్మకాలు ఎలాగూ తక్కువ, ఆ నెలల్లోనే కిస్తీ ఎక్కువ. దీన్ని ముందే తెలుసుకుని మేనేజర్ గారిని మూడు ప్రశ్నలు అడగాలి: కిస్తీ మొదలయ్యే ముందు ఎన్ని నెలలు ఆగొచ్చు? రాయితీ రాకముందు కిస్తీ ఎంత, వచ్చాక ఎంత? రాయితీ వచ్చిన తేదీ నుంచి ఆ భాగం మీద వడ్డీ ఆపుతారా? జవాబులు నోటిమాటగా కాకుండా మంజూరు కాగితంలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఇంగ్లీషులో ఉంటే వీవోఏతోనో, ఇంట్లో చదువుకున్న పిల్లతోనో చదివించుకోండి. సంతకం పెట్టాక చదివించడం ఎందుకు.

కిలో కారానికి అసలు ఎంత పడుతుంది?

చాలా యూనిట్లు కళ్ళ ముందే మూతపడేది ఇక్కడే. సరుకు బాగుంటుంది, అమ్ముడుపోతుంది, కానీ నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండదు. ఎందుకో మనిషికి అర్థం కాదు.

ఎండు మిర్చి కిలో 180 అనుకుందాం. (ఈ అంకెలన్నీ లెక్క నేర్చుకోవడానికి వేసుకున్నవే. మిర్చి ధర యార్డులో వారం వారం మారుతుంది.) వంద కిలోలు కొన్నాం, 18,000 రూపాయలు. తొడిమలు తీశాం, తాలు కాయలు ఏరాం, మళ్ళీ ఎండబెడితే కాస్త తేమ పోయింది, మరలో కాస్త దుమ్ముగా ఎగిరింది. చివరికి కారం 88 కిలోలు తేలింది. అంటే కిలో కారంలో మిర్చి ఖర్చే 205 రూపాయలు. 180 కాదు. ఈ 25 రూపాయలు లెక్కలో రాయని వాళ్ళు ప్రతి కిలో మీదా తెలియకుండా పోగొట్టుకుంటున్నట్టే.

దాని మీద తొడిమలు తీసిన కూలి 14, కరెంటు 4, కవరు, లేబులు కలిపి 8, రవాణా 6. మొత్తం 237. ఇది ఎన్ని కిలోలు చేస్తే అన్ని కిలోలకూ పడే ఖర్చు.

ఇక చేసినా చెయ్యకపోయినా నెల నెలా పడే ఖర్చు వేరు. కిస్తీ 7,200. షెడ్డు అద్దె 3,000. రిపేర్లు 1,300. ఫోను, కాగితాలు, చిల్లర 500. ఇంకా ఇద్దరు ఆడవాళ్ళ కూలి, ఒక్కొక్కరికి 6,000 చొప్పున 12,000. "మా పనికి మేమే కూలి వేసుకోవాలా?" అని అడుగుతారు. వేసుకోవాలి. అదే పనికి చేలో దిగితే కూలి వస్తుంది కదా. మన కష్టాన్ని సున్నా అని రాసి, చివర్లో మిగిలిందాన్ని లాభం అనుకుంటే అది లాభం కాదు, తక్కువ కూలి. మొత్తం నెలకు 24,000.

కొట్టుకు కిలో 280కి వేస్తున్నాం అనుకోండి. 280లో 237 పోతే కిలోకు 43 మిగులుతుంది. ఆ 43తో 24,000 తీరాలంటే నెలకు దాదాపు 560 కిలోలు అమ్మాలి. రోజుకు ఇరవై కిలోలకు కాస్త తక్కువ. రాయితీ రాకముందు, కిస్తీ 11,700 ఉన్నప్పుడైతే 660 దాటాలి. 400 కిలోలే అమ్మితే ఆ నెల దాదాపు 6,800 రూపాయలు లోటు.

ఈ 560 అనే అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి. లోనుకు వెళ్ళే ముందు మీరు మీకు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే: నెలకు 560 కిలోల కారం ఎవరు కొంటారు? పేర్లతో చెప్పగలగాలి. ఫలానా బజారులో మూడు కొట్లు, ఫలానా హాస్టలు, రెండు మెస్సులు, పెళ్ళి వంటలాయన. పేర్లు రాకపోతే ఆరు లక్షల యూనిట్ ఇప్పుడు వద్దు. రెండు లక్షల దానితో మొదలుపెట్టండి. చిన్న యూనిట్‌కు కూడా 35 శాతమే, పెద్ద యూనిట్‌కు కూడా 35 శాతమే. పెద్దది పెడితే రాయితీ ఎక్కువ వస్తుందని యంత్రాలు అమ్మేవాళ్ళు చెప్తారు. అప్పు కూడా ఎక్కువ వస్తుందని చెప్పరు.

పారేసేది తగ్గితే అదే ఆదాయం

పర్యావరణం, సుస్థిర వ్యాపారం అంటే మీటింగుల్లో చెప్పే పెద్ద మాటలు అనుకుంటాం. మన యూనిట్‌లో దానికి అర్థం చాలా చిన్నది: మనం డబ్బిచ్చి కొన్నదాన్ని పారేస్తున్నామా?

పైన వంద కిలోలకు 88 వచ్చింది. అదే 90 వచ్చిందనుకోండి. కిలో మిర్చి ఖర్చు 205 నుంచి 200కి దిగుతుంది. నెలకు 600 కిలోలు చేసేవాళ్ళకు ఈ రెండు కిలోల తేడా దాదాపు 2,700 రూపాయలు. షెడ్డు అద్దె దాదాపు వచ్చేసినట్టే. ధర పెంచకుండా, ఒక్క కొత్త కొట్టు వెతక్కుండా. ఎలా వస్తుంది? కొనేటప్పుడు తాలు, తేమ చూసి కొనడం. టిక్కీ విప్పి మధ్యలో చెయ్యి పెట్టి చూడాలి, పైన కనపడే కాయను నమ్మొద్దు. మరకు దుమ్ము పట్టే సంచి చిరిగితే వెంటనే మార్చడం. ప్రతి ఆటకూ ముందు మిర్చి, తర్వాత కారం తూచి పుస్తకంలో రాయడం. తూచనిది తగ్గదు.

ఎండబెట్టడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తారు రోడ్డు మీద, మట్టి కళ్ళంలో ఎండబోస్తే దుమ్ము, ఇసుక, కుక్కలు, అకాల వాన, అన్నీ సరుకులోకి వస్తాయి. తేమ మిగిలిన మిర్చికి బూజు పడుతుంది. ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది, వేపినా పోదు. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం కారంలో తేమ 11 శాతం మించకూడదు. టార్పాలిన్ మీద, నేలకు ఎత్తుగా కట్టిన మంచె మీద ఎండబెట్టినా చాలా తేడా వస్తుంది. చేతనైతే సోలార్ డ్రయ్యర్‌ను కూడా యంత్రాల జాబితాలో చేర్చి ప్రాజెక్టులోనే అడగండి. ఎండను లోపల పట్టి ఉంచే గది అది, కరెంటు ఖర్చు చాలా తక్కువ, రంగు నిలుస్తుంది. వానాకాలంలో యూనిట్ ఆగకుండా నడిచేది ఇలాంటి వాళ్ళదే. కిస్తీ వానాకాలంలో ఆగదు కదా.

కరెంటు విషయం. మర ఖాళీగా తిరిగినా మీటరు తిరుగుతుంది. గంట గంటకూ పది కిలోలు వేసే బదులు సరుకంతా కూడబెట్టి రెండు పూటల్లో ఆడించండి. సుత్తెలు అరిగితే, బెల్టు వదులైతే అదే సరుకుకు ఎక్కువసేపు తిరుగుతుంది. ఇంటి మీటరు మీద మర నడపొద్దు, తనిఖీలో పట్టుకుంటే జరిమానా రెండు మూడు నెలల లాభాన్ని తినేస్తుంది. ఇంటి మీద సోలార్ పలకలకు ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీ (3 కిలోవాట్లకు 78,000 వరకు) ఇంటి కనెక్షన్‌కే. మర షెడ్డుకు అది వర్తిస్తుందని ఎవరైనా చెప్తే నమ్మి డబ్బు కట్టొద్దు.

తొడిమలు కాలువ గట్టున పోయకుండా పేడతో కలిపి ఎరువు గుంటలో వెయ్యండి. ఇక మర దుమ్ము. దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. కారం ఘాటు మొదట దెబ్బతీసేది మన ఊపిరితిత్తుల్ని, తర్వాత పక్కింటి పసిపిల్లల్ని. ఊళ్ళో ఇళ్ళ మధ్య పెట్టిన మర మీద పిటిషన్ పడితే పంచాయతీ ఆపించొచ్చు. గాలి బయటికి లాగే ఫ్యాను, దుమ్ము పట్టే సైక్లోను, పనిచేసే వాళ్ళకు మాస్కు, అద్దాలు, వీటిని కూడా ప్రాజెక్టు ఖర్చులో మొదటి రోజే రాయించండి. తర్వాత సొంత డబ్బుతో కొనాలంటే ఎవరూ కొనరు.

డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుంది?

600 కిలోల కారానికి 680 కిలోల పైన మిర్చి కావాలి. 180 లెక్కన 1,22,000 రూపాయలు. ఒక నెల సరుకు ముందే కొని పెట్టుకోవాలి. అమ్మిన కారానికి కొట్టువాళ్ళు "వచ్చే నెల ఇస్తాలే అమ్మా" అంటారు. 600 కిలోలకు మన చేతి ఖర్చు 237 చొప్పున 1,42,000 అక్కడ ఇరుక్కుంటుంది. రెండూ కలిపి 2,64,000. ఇది యంత్రం డబ్బు కాదు, తిరుగుడు డబ్బు. సంఘం ద్వారా వచ్చే 40,000 ఇందులో ఆరో వంతు కూడా కాదు.

లోను అడిగేటప్పుడు యంత్రాల లోనుతో పాటు సీసీ లిమిట్ కూడా అడగకపోతే, షెడ్డులో కొత్త యంత్రం ఉంటుంది, మిర్చి ఉండదు. అప్పుడు వడ్డీ వ్యాపారి దగ్గరికి వెళ్ళాల్సి వస్తుంది. నూటికి మూడు రూపాయల నెల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. మన కిలో లాభం 43 రూపాయల్లోంచి అది మింగేస్తుంది.

దీనికి ఒక తేలిక మందు ఉంది, ఎవరూ పెద్దగా చెప్పరు. ఊరి వాళ్ళ మిర్చి, పసుపు మర పట్టి ఇవ్వడం. కిలోకు 15 తీసుకుంటే కరెంటు పోను 11 మిగులుతుంది. 300 కిలోలు పడితే 3,300. సరుకు వాళ్ళదే, అప్పు లేదు, నిల్వ లేదు, డబ్బు చేతికి చేతికి. కొత్త మిర్చి వచ్చి, ఇళ్ళల్లో ఏడాది కారం కొట్టించుకునే ఎండాకాలంలో ఇది ఇంకా బాగా నడుస్తుంది. ప్యాకెట్ మీద మన పేరు చూసుకోవాలన్న ఉబలాటంలో మర పట్టే పనిని నామోషీగా చూడొద్దు.

రెండోది, కొంత సరుకైనా మనమే నేరుగా అమ్మడం. 600 కిలోల్లో 150 కిలోలు సంతలో, సంఘాల మీటింగుల్లో, వాట్సాప్‌లో తెలిసినవాళ్ళకు 320కి అమ్మితే నెలకు 6,000 అదనం. అన్నీ అలాగే అమ్ముతామని అనుకోవద్దు. అమ్మడం కూడా ఒక పూర్తి పని, దానికీ మనిషి కావాలి.

బాకీ ఇవ్వని పెద్ద కొనుగోలుదారుల విషయంలో చట్టం మన వైపు ఉంది. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న తయారీదారు సరుకు వేస్తే, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా సరే 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెల నెలా చక్రవడ్డీతో. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. మన వీధి కొట్టాయన మీద కేసు పెట్టమని కాదు చెప్పేది. సూపర్ మార్కెట్, క్యాంటీన్, హోల్‌సేల్ కంపెనీ లాంటి వాళ్ళతో మాట్లాడేటప్పుడు బిల్లు మీద ఉద్యం నంబరు వేసి ఇస్తే మాట తీరు మారుతుంది. అయితే రిజిస్ట్రేషన్ సరుకు వెయ్యకముందే ఉండాలి, గొడవ వచ్చాక తీసుకుంటే పాత బిల్లులకు పనిచెయ్యదు.

కాగితాలు, త్వరగా

ఉద్యం రిజిస్ట్రేషన్: ఆధార్, పాన్‌తో ఆన్‌లైన్‌లో, పూర్తిగా ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైటు కనపడితే అది ప్రభుత్వానిది కాదు.

ఎఫ్ఎస్ఎస్ఏఐ: ఆహారం తయారుచేసి అమ్మే ప్రతివాళ్ళకూ రిజిస్ట్రేషనో లైసెన్సో ఉండాలి. నంబరు ప్యాకెట్ మీద వెయ్యాలి. కారంలో రంగు కలపడం నేరం, ఎంత కొంచెమైనా సరే. గుంటూరు సన్నం మిరపకు జీఐ గుర్తింపు ఉంది, వేరే రకం కాయ ఆడించి ఆ పేరు లేబుల్ మీద వెయ్యొద్దు.

జీఎస్టీ: ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్ళకు ఏడాది అమ్మకం 40 లక్షలు దాటితే, తెలంగాణలో 20 లక్షలు దాటితే తప్పనిసరి. వేరే రాష్ట్రానికి అమ్మాలంటే ఈ పరిమితి చూడరు, ముందే తీసుకోవాలి. నెలకు 600 కిలోలు 280కి అమ్మితే ఏడాదికి 20 లక్షలు దాటుతుంది. మునగాల, కోదాడ వైపు అక్కలు ఇది గుర్తుంచుకోవాలి.

దరఖాస్తుకు ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు, షెడ్డు అద్దె కాగితం లేదా సొంత స్థలం కాగితం, యంత్రాల కొటేషన్లు కావాలి. ప్రాజెక్టు రిపోర్టు రాయడంలో, దరఖాస్తు పెట్టడంలో డీఆర్పీ సాయం చేస్తారు. ఆయనకు ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది, మనం పైసా ఇవ్వక్కర్లేదు. "లోను రాగానే పది శాతం నాకు" అనే మధ్యవర్తి దగ్గరికి అసలు వెళ్ళొద్దు. ఆ పది శాతం కూడా మన అప్పులోదే.

మనకు ఏది సరిపోతుంది?

ఇప్పటికే పని చేస్తూ పెంచుకోవాలనుకుంటే పీఎంఎఫ్ఎంఈ. ఆహారం కాకుండా వేరే కొత్త యూనిట్ అయితే పీఎంఈజీపీ గురించి అడగండి. అందులో పల్లెల్లో ఆడవాళ్ళకు 35 శాతం రాయితీ, సొంత వాటా 5 శాతమే, తయారీ యూనిట్ 50 లక్షల వరకు. అందులోనూ రాయితీకి మూడేళ్ళ తాళం ఉంది. ఒకే యూనిట్‌కు రెండు పథకాల రాయితీ దొరుకుతుందా లేదా అన్నది ముందే అడగండి. ముద్ర లోనుకు రాయితీ లేదు, కానీ తాకట్టు అక్కర్లేదు. శిశు కింద 50,000 వరకు, కిశోర్ కింద 5 లక్షల వరకు. పెద్ద లోనుకు వెళ్ళే ముందు ఏడాది పాటు సంఘం లోనుతో చిన్నగా నడిపి, పుస్తకం రాసి చూసుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఆ పుస్తకమే మేనేజర్ ముందు మన సాక్షి.

ఇంట్లో కూడా ఒక మాట తేల్చుకోండి. లోను మీ పేరు మీద, మర మీ పేరు మీద ఉన్నప్పుడు అమ్మకం డబ్బు కూడా మీ ఖాతాలోనే పడాలి. ఫోన్‌పే స్కానర్ మీ ఆయనదో, మరిదిదో పెడితే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మీ వ్యాపారం కనపడదు. లిమిట్ పెంచమని అడిగే రోజున చూపించడానికి ఏమీ ఉండదు.

కిస్తీ కట్టలేని నెల వస్తే

వస్తుంది. మిర్చి ధర ఒక్కసారిగా పెరిగినప్పుడో, ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడో. బ్యాంకు నుంచి ఫోన్ వస్తే ఎత్తకుండా ఉండొద్దు. 90 రోజులు దాటకముందే మీరే వెళ్ళండి. వీవోఏనో, సీసీ గారినో వెంట తీసుకెళ్ళండి. పట్టుకెళ్ళాల్సినవి: తూకం పుస్తకం, మూడు నెలల బిల్లులు, రావాల్సిన బాకీల జాబితా, షెడ్డులో ఉన్న సరుకు లెక్క. కనీసం కొంత మొత్తమైనా ఆ రోజే కట్టి రసీదు తీసుకోండి. కిస్తీ తేదీ మార్చమనో, గడువు పెంచి కిస్తీ తగ్గించమనో దరఖాస్తు రాసివ్వండి, దాని నకలు మీద బ్యాంకు ముద్ర వేయించుకోండి. అదే వారంలో మర పట్టే పని పెంచి, అప్పు మీద సరుకు వెయ్యడం ఆపండి. డీఆర్పీకి కూడా ఫోన్ చేసి చెప్పండి, యూనిట్ నడుస్తున్నట్టు ఆయన దగ్గర నమోదు ఉండటం రాయితీ సర్దే రోజున మీకు పనికొస్తుంది.